పిల్లికూతల లెక్క

ఉబ్బసం ఎందరు పిల్లలకు ఉందన్నది ఒక ప్రశ్న. ఉన్నవాళ్లను అది ఎంతగా పీడిస్తోందన్నది వేరే ప్రశ్న. మన దేశంలో మొదటి ప్రశ్నకు దొరికే జవాబు ఊరటనిస్తుంది, రెండోదానికి దొరికేది కలవరపెడుతుంది.

వానలు మొదలై బడులు తెరిచిన కొత్తలో ఒకే బెంచీ మీద కూర్చునే ఇద్దరు పిల్లలకు ఒకే జలుబు పట్టుకుంటుంది. ఒకడు నాలుగు రోజులు ముక్కు చీదుకుని ఐదో రోజుకి మామూలైపోతాడు. రెండోవాడికి మూడో రాత్రి రెండు గంటలకు మెలకువ వస్తుంది. పడుకుంటే ఊపిరాడదు. లేచి కూర్చుని, చేతులు మంచానికి ఆనించి, డొక్కలు ఎగరేస్తుంటాడు. ఊపిరి వదిలినప్పుడల్లా ఛాతీలోంచి సన్నని ఈల వినిపిస్తుంది. ఆసుపత్రికి తీసుకెళ్లి మిషన్ పెట్టిస్తే అరగంటలో తేరుకుంటాడు. తెల్లారాక ఇడ్లీలు తిని, బ్యాటు పట్టుకుని వీధిలోకి పోతాడు. రాత్రి అంతగా భయపెట్టింది పొద్దునకు ఎక్కడికి పోయినట్టు?

ఇంతకంటే పెద్ద చిక్కుముడి మరొకటి ఉంది. పిల్లల్లో ఉబ్బసం లక్షణాలు తక్కువగా కనిపించే దేశాల్లో భారత్ ఒకటి. న్యూజిలాండ్, బ్రిటన్‌లతో పోలిస్తే మన బడిపిల్లల్లో పిల్లికూతలు చాలా తక్కువ. అయినా 2019కి వేసిన ప్రపంచ వ్యాధిభారం అంచనా ప్రకారం, ప్రపంచంలోని ఉబ్బస రోగుల్లో సుమారు 13 శాతం మంది మన దేశంలో ఉంటే, ఉబ్బసంతో చనిపోయేవారిలో మనవాళ్ల వాటా 40 శాతం దాటింది. ఈ మరణాల్లో ఎక్కువ భాగం పెద్దవాళ్లవే, పిల్లలు చనిపోవడం అరుదు. కానీ పెద్దయ్యాక ప్రాణం మీదికి తెచ్చే నిర్లక్ష్యానికి పునాది చాలాసార్లు చిన్నతనంలోనే పడుతుంది.

ఈ రెండు చిక్కుముళ్లనూ విప్పే దారం ఒకటే. అది గాలిగొట్టం లోపలి వాపు.

గొట్టం లోపల జరిగేది

ముక్కుతో పీల్చిన గాలి గొంతు దిగాక ఒక పెద్ద గొట్టంలోంచి వెళుతుంది. ఆ గొట్టం రెండుగా చీలుతుంది, ఆ రెండూ మళ్లీ రెండేసిగా చీలుతాయి. ఇలా సుమారు 23 సార్లు చీలాక ప్రాణవాయువు రక్తంలో కలిసే గాలితిత్తులు వస్తాయి. దారిపొడవునా గొట్టాల గోడల్లో సన్నని కండరపు పట్టీలు చుట్టుకుని ఉంటాయి. లోపలి వైపు తడిగా ఉండే పలుచని పొర ఉంటుంది. ఆ పొర ఊరించే జిగురే దుమ్మునీ క్రిముల్నీ పట్టేసి బయటికి పంపుతుంది.

ఉబ్బసం ఉన్న బిడ్డలో ఈ లోపలి పొర ఎప్పుడూ కాస్త వాచి, రేగి ఉంటుంది. ఆడుతూ పాడుతూ తిరుగుతున్న రోజున కూడా ఆ వాపు ఎంతోకొంత ఉంటుంది. చాలామంది పిల్లల్లో దీనికి మూలం రోగనిరోధక వ్యవస్థ పొరపాటు. పక్కదుప్పట్లలో బతికే కంటికి కనిపించని దుమ్ము పురుగులు, బొద్దింకల విసర్జనలు, పుప్పొడి వంటివి నిజానికి హాని చేసేవి కావు. ఒంట్లోని కాపలా కణాలు మాత్రం వాటిని శత్రువులుగా గుర్తుపెట్టుకుంటాయి. అందుకోసం ఐజీఈ అనే ప్రతిరక్షకాన్ని తయారుచేసుకుని, గొట్టాల గోడల్లో కాచుకుని ఉంటాయి.

ఆ శత్రువు మళ్లీ లోపలికి వచ్చినప్పుడు మూడు పనులు జరుగుతాయి. కండరపు పట్టీలు నిమిషాల్లో బిగుసుకుంటాయి. లోపలి పొర మరింత వాస్తుంది. జిగురు చిక్కబడి, ఎక్కువై, సన్నబడిన దారికి అడ్డుపడుతుంది. కొన్ని గంటల తర్వాత రక్తంలోంచి మరిన్ని కణాలు వచ్చి చేరడంతో చాలామందిలో రెండో దెబ్బ తగులుతుంది. సాయంత్రం దుమ్ములో ఆడిన బిడ్డకు అర్ధరాత్రి ఆయాసం రావడానికి ఇదొక కారణం. పైగా వాపును అణచే మన సొంత హార్మోను కార్టిసాల్ రాత్రిపూట బాగా తగ్గిపోతుంది. అందుకే ఉబ్బసం రాత్రుళ్లు, ముఖ్యంగా తెల్లవారుజామున రెచ్చిపోతుంది.

బిడ్డ గాలి పీల్చుకోలేకపోతోందని చూసేవాళ్లకు అనిపిస్తుంది. అసలు కష్టం గాలి వదలడంలో ఉంది. పీల్చినప్పుడు ఛాతీ విచ్చుకుంటుంది కాబట్టి గొట్టాలూ కాస్త తెరుచుకుంటాయి. వదిలినప్పుడు ఛాతీ ముడుచుకుని, సన్నబడిన గొట్టాలను మరింత నొక్కుతుంది. ఆ ఇరుకులోంచి గాలి దూసుకొచ్చే చప్పుడే పిల్లికూత. పాత గాలి పూర్తిగా పోకుండానే కొత్త గాలి వచ్చి చేరడంతో ఊపిరితిత్తులు ఉబ్బిపోతాయి, బిడ్డ అలసిపోతుంది.

మొదటి చిక్కుముడి ఇక్కడ వీడిపోతుంది. ఆసుపత్రిలో పెట్టిన మందు బిగిసిన కండరాన్ని వదులు చేసింది. దానికి అరగంట చాలు. లోపలి వాపు మాత్రం అలాగే ఉంది. పొద్దున వీధిలోకి పోయిన పిల్లాడు ఆ వాపుతోనే ఆడుకుంటున్నాడు. పక్కనున్నవాడికి ముక్కుతో పోయిన జలుబు వైరస్సే వీడి ఛాతీలో మంట రేపింది. బడి ఈడు పిల్లల్లో వచ్చే ఆయాసాల్లో ఎక్కువ భాగాన్ని రేపేవి ఇలాంటి మామూలు జలుబు వైరస్‌లే.

> సగం సన్నబడితే పదహారు రెట్లు
>
> గొట్టం వెడల్పు సగానికి తగ్గితే గాలి పోవడానికి రెట్టింపు కష్టం అనుకుంటాం. నిజానికి ఆ కష్టం పదహారు రెట్లవుతుంది. వెడల్పులో చిన్న మార్పు కూడా ఊపిరికి అంత పెద్ద భారమవుతుంది.
>
> పెద్దవాళ్లలో 8 మిల్లీమీటర్ల వెడల్పున్న గొట్టం లోపల చుట్టూ ఒక మిల్లీమీటరు వాపు వస్తే 6 మిల్లీమీటర్ల దారి మిగులుతుంది. గాలికి అడ్డు సుమారు మూడు రెట్లవుతుంది. పసిబిడ్డలో 4 మిల్లీమీటర్ల గొట్టానికి అదే ఒక మిల్లీమీటరు వాపు వస్తే మిగిలేది 2 మిల్లీమీటర్లే. అడ్డు పదహారు రెట్లు. ఇంట్లో అందరికీ వచ్చిన జలుబుకు చంటిబిడ్డ ఒక్కడే ఎందుకు ఎగశ్వాస పెడతాడో ఈ లెక్క చెబుతుంది.

ఎందరికి ఉంది? ఎలా తెలుస్తుంది?

మలేరియాను రక్తపు చుక్కలో పట్టుకోవచ్చు. ఉబ్బసానికి అలాంటి ఒక్క పరీక్ష లేదు. గట్టిగా ఊదించి గాలి వేగాన్ని కొలిచే పరీక్ష ఉంది కానీ, అయిదేళ్ల లోపు పిల్లలు దాన్ని సరిగా చేయలేరు. పైగా ఆయాసం లేని రోజున కొలిస్తే అంతా మామూలుగానే కనిపించవచ్చు. మరి లక్షల మంది పిల్లల్లో లెక్క తీయడం ఎలా?

1991లో మొదలైన ఐసాక్ అనే అంతర్జాతీయ అధ్యయనం దీనికి ఒక తేలిక మార్గం కనిపెట్టింది. అన్ని దేశాల్లోనూ ఒకే ఈడు బడిపిల్లలను ఎంచుకుని, ఒకే ప్రశ్న వేసింది: గడచిన 12 నెలల్లో ఛాతీలో పిల్లికూతలు వచ్చాయా? 13, 14 ఏళ్ల పిల్లలు తామే జవాబు రాశారు. 6, 7 ఏళ్ల పిల్లల తరఫున తల్లిదండ్రులు రాశారు. పిల్లికూత అంటే ఏమిటో మాటల్లో చెబితే ఒక్కో భాషలో ఒక్కోలా అర్థమవుతుంది కాబట్టి చాలాచోట్ల వీడియో కూడా చూపించారు. 1998లో వెలువడిన ఫలితాల్లో 56 దేశాలు, 155 కేంద్రాలు, 4.6 లక్షల మంది పెద్ద పిల్లలు ఉన్నారు.

తేడాలు చూసి శాస్త్రవేత్తలే ఆశ్చర్యపోయారు. 2000 తర్వాత జరిగిన మరో దశలో న్యూజిలాండ్‌లోని వెల్లింగ్టన్‌లో 13, 14 ఏళ్ల వారిలో 32.6 శాతానికి పిల్లికూతలు ఉంటే, టిబెట్‌లో 0.8 శాతానికే ఉన్నాయి. చిన్న పిల్లల్లో కోస్టారికా 37.6 శాతంతో పైన ఉంటే, అట్టడుగున 2.4 శాతంతో మన జోధ్‌పూర్ నిలిచింది. ఆ తర్వాత గ్లోబల్ ఆస్తమా నెట్‌వర్క్ అదే పద్ధతిలో మన దేశంలో తొమ్మిది కేంద్రాల్లో జరిపిన అధ్యయనం 2022లో వెలువడింది. అందులో 6, 7 ఏళ్ల పిల్లల్లో 3.16 శాతానికి, 13, 14 ఏళ్ల వారిలో 3.63 శాతానికి పిల్లికూతలు ఉన్నట్టు తేలింది. అదే సమయంలో అన్ని దేశాల సగటు పదిమందిలో ఒకరు.

ఇక్కడ ఒక జాగ్రత్త అవసరం. బెంగళూరులో పిల్లల వైద్యులు ఇరవై ఏళ్ల పాటు సేకరించిన లెక్కల్లో ఉబ్బసం 1979లో 9 శాతం ఉండగా 1999 నాటికి 29.5 శాతానికి పెరిగింది. దేశంలో అంత తక్కువని ఒక అధ్యయనం, ఇంత ఎక్కువని ఇంకొకటి చెబితే దేన్ని నమ్మాలి? రెండూ నిజమే కావచ్చు. బెంగళూరు లెక్క ఆసుపత్రికి వచ్చిన పిల్లలది. ఐసాక్ లెక్క బడిలో కూర్చున్న పిల్లలందరిదీ. నగరం పెరిగి, దుమ్మూ పొగా ఎక్కువై, తల్లిదండ్రులు ఆసుపత్రికి రావడం పెరిగినప్పుడు మొదటి లెక్క ఎగబాకుతుంది. అందుకే ఉబ్బసం అంకె ఏది విన్నా, అది ఎవరిని అడిగి తీసిందో ముందు చూసుకోవాలి.

తక్కువ శాతం అన్నంత మాత్రాన తక్కువ మంది అని కూడా కాదు. మన దేశంలో బడి ఈడు పిల్లలు కోట్లలో ఉన్నారు. వారిలో మూడు శాతం అంటే చిన్న దేశాల మొత్తం జనాభాను మించిపోతుంది.

దేశానికో తీరు ఎందుకు?

ఉబ్బసం కుటుంబాల్లో వస్తుంది. తల్లికో తండ్రికో ఉంటే బిడ్డకు వచ్చే అవకాశం ఎక్కువ. కానీ ఒక దేశానికీ మరో దేశానికీ ఉన్న ఇంత తేడాను జన్యువులు మాత్రమే వివరించలేవు. జర్మనీ ఏకమైన కొత్తలో ఎరికా ఫాన్ మూటియస్ అనే వైద్యురాలు తూర్పు, పడమర నగరాల పిల్లలను పోల్చి చూశారు. ఒకే జాతి, ఒకే భాష, నలభై ఏళ్ల వేరు కాపురం. తూర్పున బొగ్గు పొగ ఎక్కువ కాబట్టి అక్కడే ఉబ్బసమూ ఎక్కువ ఉంటుందని అందరూ అనుకున్నారు. దగ్గు, బ్రాంకైటిస్ తూర్పున ఎక్కువే ఉన్నాయి. ఉబ్బసం, అలర్జీలు మాత్రం పడమట ఎక్కువగా తేలాయి.

అంతకు కొద్ది ముందు, 1989లో, బ్రిటన్‌లో డేవిడ్ స్ట్రాచన్ ఒక విషయం గమనించారు. అన్నలూ అక్కలూ ఎక్కువగా ఉన్న ఇళ్లలో పిల్లలకు అలర్జీ జలుబు తక్కువగా ఉంది. పసితనంలో రకరకాల సూక్ష్మజీవులతో పరిచయం అయితే రోగనిరోధక వ్యవస్థ ఎవరితో పోరాడాలో, ఎవరిని వదిలేయాలో నేర్చుకుంటుందన్న ఆలోచన అక్కడి నుంచి బలపడింది. 2016లో అమెరికాలో రెండు రైతు సమాజాలపై వచ్చిన పరిశోధన దీన్ని ఇంకా స్పష్టంగా చూపించింది. ఆమిష్, హట్టరైట్ సమాజాల మూలాలూ తిండీ దాదాపు ఒకటే. ఆమిష్ కుటుంబాలు గుర్రాలతో పాత పద్ధతిలో సేద్యం చేస్తాయి, వారి పిల్లలు పశువుల మధ్య పెరుగుతారు. హట్టరైట్లది యంత్రాల సేద్యం, వారి పశువుల కొట్టాలు ఇళ్లకు దూరం. ఆమిష్ పిల్లల్లో ఉబ్బసం 5 శాతం ఉంటే, హట్టరైట్ పిల్లల్లో 21 శాతం ఉంది. ఆమిష్ ఇళ్లలోని దుమ్మును ఎలుకలకు పీల్పిస్తే వాటిలోనూ ఉబ్బసం లాంటి వాపు తగ్గింది.

దీన్నిబట్టి మురికి మంచిదని అనుకుంటే పొరపాటు. పశువుల కొట్టంలోని సూక్ష్మజీవులు వేరు, పొగ వేరు. కట్టెల పొయ్యి, సిగరెట్, అగరుబత్తి, వాహనాల పొగలు గొట్టాలను రేపుతాయి తప్ప ఏ పాఠమూ నేర్పవు. ఒక దోమల కాయిల్ కాలితే వెలువడే సన్నని ధూళి 75 నుంచి 137 సిగరెట్ల ధూళితో సమానమని 2003లో ఒక అధ్యయనం లెక్కగట్టింది. తలుపులు మూసి, పిల్లల మంచం పక్కన కాయిల్ వెలిగించే ఇళ్లు మన దగ్గర ఎన్నో.

పొగ ఎంత దూరం తీసుకుపోగలదో లండన్‌లో జరిగిన ఒక విషాదం చెబుతుంది. వాహనాల రద్దీ రోడ్డు దగ్గర నివసించిన ఎల్లా కిస్సీ డెబ్రా అనే తొమ్మిదేళ్ల పాప తీవ్రమైన ఉబ్బసంతో 2013లో చనిపోయింది. ఆమె మరణానికి వాయుకాలుష్యం కూడా కారణమని 2020లో అక్కడి విచారణాధికారి తీర్పునిచ్చారు. బ్రిటన్‌లో అలాంటి తీర్పు అదే మొదటిసారి.

ప్రతి పిల్లికూతా ఉబ్బసమేనా?

కాదు. అమెరికాలోని టూసాన్ నగరంలో 1980 దశకం మొదట్లో పుట్టిన వెయ్యి మందికి పైగా పిల్లలను ఏళ్ల తరబడి గమనిస్తూ వచ్చారు. మూడేళ్ల లోపు మూడింట ఒక వంతు పిల్లలకు ఎప్పుడో ఒకప్పుడు పిల్లికూతలు వచ్చాయి. వారిలో సుమారు 60 శాతానికి ఆరేళ్లు వచ్చేసరికి ఆగిపోయాయి. పుట్టుకతోనే గొట్టాలు కాస్త సన్నగా ఉండటం వల్ల ప్రతి జలుబుకూ కూత పెట్టిన పిల్లలు వీళ్లు. ఎదిగేకొద్దీ గొట్టాలు వెడల్పయ్యాయి, కూత పోయింది.

మిగిలిన పిల్లల్లో అది కొనసాగింది. తల్లిదండ్రుల్లో ఎవరికైనా ఉబ్బసం ఉండటం, బిడ్డ చర్మం మీద దురదతో అలర్జీ మచ్చలు రావడం, జలుబు లేని రోజుల్లో కూడా కూత వినిపించడం వంటివి ఉంటే అది నిలిచే అవకాశం ఎక్కువ. యుక్తవయసుకు ముందు మగపిల్లల్లో ఉబ్బసం ఎక్కువ, ఆ తర్వాత ఆడపిల్లల్లో ఎక్కువ. కొందరిలో పదేళ్ల ప్రాయానికి తగ్గిపోయి పెద్దయ్యాక తిరిగి వస్తుంది. ఇలా దానంతట అది తగ్గే, పెరిగే గుణం ఉన్నందువల్లే ఈ జబ్బు చుట్టూ ఇన్ని మందులు, ఇన్ని నమ్మకాలు పుట్టాయి.

తీవ్రత వేరే లెక్క

ఐసాక్ పరిశోధకులు తీవ్రతకూ మూడు కొలతలు పెట్టుకున్నారు. ఏడాదిలో నాలుగు లేదా అంతకు మించి ఆయాసాలు రావడం, వారానికి ఒక రాత్రయినా నిద్ర చెడటం, ఊపిరికి ఒకటి రెండు మాటలకు మించి మాట్లాడలేకపోవడం. ఈ కొలతలతో చూస్తే ప్రపంచపటం తలకిందులైంది. సంపన్న దేశాల్లో పిల్లికూతలున్న పిల్లలు ఎక్కువ. కానీ పిల్లికూతలున్న వారిలో తీవ్రంగా బాధపడేవారి వాటా పేద దేశాల్లో ఎక్కువ.

2022లో వెలువడిన మన దేశపు అధ్యయనం దీని కారణాన్ని చెప్పకనే చెప్పింది. పిల్లలూ పెద్దలూ కలిపి చూస్తే, పిల్లికూతలున్న వారిలో 82 శాతానికి, తీవ్ర లక్షణాలున్న వారిలో కూడా 70 శాతానికి అది ఉబ్బసమని ఏ వైద్యుడూ చెప్పలేదు. నెమ్ము చేసిందనో, అలర్జీ దగ్గనో, వాతావరణం పడలేదనో సరిపెట్టుకున్నారు. వాపు తగ్గించే మందును రోజూ పీల్చేవారు పిల్లికూతలున్న వారిలో 2.5 శాతం కూడా లేరు. ఉబ్బసమని నిర్ధారణ అయిన వారిలో సైతం పదిశాతానికి చేరలేదు.

అంటే మన దగ్గర తీవ్రతలో చాలా భాగం జబ్బు స్వభావం వల్ల వచ్చింది కాదు, వైద్యం అందకపోవడం వల్ల వచ్చింది. తేలికపాటి ఉబ్బసం కదా అని ఊరుకోవడమూ ప్రమాదమే. బ్రిటన్‌లో 195 ఉబ్బస మరణాలను ఒక్కొక్కటిగా పరిశీలించి 2014లో ఇచ్చిన నివేదికలో, తీవ్రత తెలిసిన వారిలో సగానికి పైగా తేలికపాటి లేదా మధ్యరకం ఉబ్బసానికి వైద్యం పొందుతున్నవారే.

> ఇంట్లో గమనించాల్సినవి
>
> ఆరేళ్లు దాటిన బిడ్డ విషయంలో గడచిన నాలుగు వారాలను గుర్తుచేసుకోండి. పగటిపూట లక్షణాలు వారంలో రెండుసార్లకు మించి వచ్చాయా? దగ్గుతోనో ఆయాసంతోనో రాత్రి ఒక్కసారైనా లేచిందా? తక్షణ ఉపశమన మందు వారంలో రెండుసార్లకు మించి వాడాల్సి వచ్చిందా? ఆట మధ్యలో ఆగిపోయిందా? ఒక్కదానికి అవునన్నా ఉబ్బసం పూర్తిగా అదుపులో లేనట్టే.
>
> వెంటనే ఆసుపత్రికి: వాక్యం పూర్తిగా మాట్లాడలేకపోవడం, ఊపిరి తీసినప్పుడు పక్కటెముకల మధ్య గుంటలు పడటం, పెదవులు నీలిబడటం, మందు పీల్చినా తెరిపి లేకపోవడం. అన్నిటికంటే ప్రమాదం, ఆయాసపడుతున్న బిడ్డలో పిల్లికూత ఆగిపోయి మగత కమ్మడం. అది తగ్గినట్టు కాదు, కూత పెట్టేంత గాలి కూడా కదలడం లేదని అర్థం. 108కి ఫోన్ చేయండి. దారిలోనూ ఉపశమన మందు ఇస్తూ వెళ్లండి.

గిన్నె పెడతామా, పెంకు సర్దుతామా?

ఉబ్బసానికి ముఖ్యంగా రెండు రకాల మందులు. వీటి తేడా తెలియకపోవడమే మన ఇళ్లలో సగం కష్టాలకు మూలం. వానకు పెంకుటిల్లు కురుస్తుంటే ముందు కింద గిన్నె పెడతాం. ఆ రాత్రికి అది అవసరం. మర్నాడు ఎండ కాసిందని పెంకు సర్దడం మరిస్తే, తర్వాతి వానకు ఇంకో గిన్నె, ఆ తర్వాత ఇంకోటి. చివరికి దూలమే పుచ్చిపోతుంది. బిగిసిన కండరాన్ని నిమిషాల్లో వదులు చేసే సాల్బుటమాల్ లాంటి మందు గిన్నె. లోపలి వాపును రోజు రోజుకీ తగ్గించే పీల్చే స్టెరాయిడ్ పెంకు సర్దే పని. మొదటిదాని ఫలితం వెంటనే కనిపిస్తుంది కాబట్టి దాన్ని నమ్ముతాం. రెండోదాని ఫలితం ఆయాసం రాకపోవడమే. రానిదాన్ని ఎవరు గుర్తిస్తారు?

గిన్నెల మీదే ఆధారపడితే ఏమవుతుందో న్యూజిలాండ్ చూసింది. 1976 తర్వాత అక్కడ ఉబ్బసంతో చనిపోయే యువకుల సంఖ్య ఒక్కసారిగా పెరిగింది. ఆ ఏడాదే ఫెనోటెరాల్ అనే శక్తిమంతమైన ఉపశమన మందు అక్కడి మార్కెట్లోకి వచ్చింది. ఈ రెండింటికీ సంబంధం ఉందని వెల్లింగ్టన్ పరిశోధకులు 1989లో చూపించారు. ఆ మందు వాడకాన్ని కట్టడి చేశాక మరణాలు తగ్గాయి. దేశంలో పిల్లికూతలున్న పిల్లలు మాత్రం తగ్గలేదు. ఎందరికి ఉంది, ఎంతగా బాధిస్తోంది అన్నవి వేర్వేరు లెక్కలని చెప్పడానికి ఇంతకంటే మంచి ఉదాహరణ దొరకదు. ఉపశమన మందు ఒక్కదాన్నే వాడే పద్ధతి పెద్దవాళ్లకూ పన్నెండేళ్లు దాటిన పిల్లలకూ ఇక వద్దని, వాపు తగ్గించే మందు ఏదో ఒక రూపంలో తోడుండాలని 2019 నుంచి అంతర్జాతీయ మార్గదర్శకాలు చెబుతున్నాయి. అంతకన్నా చిన్నపిల్లల్లో ఏ మందు, ఎంతకాలం అన్నది వయసునూ లక్షణాలనూ బట్టి వైద్యులు నిర్ణయిస్తారు.

మనకు తెలిసిన ఇన్‌హేలర్ పుట్టుకకు ఒక పిల్లే కారణం. జుట్టుకు కొట్టుకునే స్ప్రేలాగా తన ఉబ్బసం మందును కూడా డబ్బాలో ఎందుకు పెట్టరని అమెరికాలో ఒక పదమూడేళ్ల అమ్మాయి తండ్రిని అడిగింది. ఆ తండ్రి జార్జ్ మేసన్ ఒక మందుల సంస్థకు అధిపతి. 1956లో ఆ పరికరం మార్కెట్లోకి వచ్చింది. చిన్నపిల్లలు నొక్కడాన్నీ పీల్చడాన్నీ ఒకేసారి చేయలేరు కాబట్టి, మందు మేఘం కాసేపు నిలిచే స్పేసర్ అనే ఖాళీ గొట్టాన్ని దానికి తగిలిస్తారు. స్పేసర్ లేకుండా కొడితే మందులో చాలా భాగం గొంతులోనే అంటుకుపోతుంది.

స్టెరాయిడ్ భయం, చేప మందు

ఇన్‌హేలర్ అలవాటైపోతుందని, స్టెరాయిడ్ వల్ల ఎదుగుదల ఆగిపోతుందని చాలా ఇళ్లలో భయం. ఇన్‌హేలర్ వ్యసనం కాదు. వాపు ఉన్నన్నాళ్లు అవసరం, అదుపులోకి వచ్చాక వైద్యులు మోతాదు తగ్గిస్తారు. ఎత్తు విషయంలో భయానికి కొంత ఆధారం ఉంది, అది ఎంతో తెలుసుకోవడం మంచిది. అమెరికాలో చిన్నప్పుడు నాలుగేళ్లకు పైగా రోజూ పీల్చే స్టెరాయిడ్ వాడిన పిల్లలను పెద్దయ్యాక కొలిస్తే, వాడనివారి కంటే సగటున 1.2 సెంటీమీటర్లు తక్కువ ఎత్తున్నారు. నెలకోసారి ఆయాసంతో నిద్ర చెడి, తిండి సహించక, ఆటలు మానుకున్న బిడ్డ నష్టం ముందు ఇది చిన్నది.

ఇంకో లెక్క చూడండి. చాలామంది పిల్లలకు ఒక రోజు పీల్చే స్టెరాయిడ్ 200 మైక్రోగ్రాముల వరకూ ఉంటుంది. ఆయాసం ముదిరి ఆసుపత్రిలో చేరిన 20 కిలోల బిడ్డకు ఒక్క రోజుకు 20 మిల్లీగ్రాముల స్టెరాయిడ్ నోటిద్వారా ఇవ్వాల్సి రావచ్చు. ఆ రెండు మందులు వేరు, వాటి బలమూ వేరు. కానీ బరువు లెక్కన చూస్తే ఒక్క రోజు సిరప్ వంద రోజుల ఇన్‌హేలర్‌తో సమానం. పైగా సిరప్ ఒళ్లంతా తిరుగుతుంది, పీల్చిన మందు చాలావరకు గొట్టాల్లోనే పనిచేస్తుంది. స్టెరాయిడ్‌కు భయపడి ఇన్‌హేలర్ మానేసిన పిల్లలే తరచుగా ఎక్కువ స్టెరాయిడ్ మింగాల్సి వస్తుంది.

మృగశిర కార్తె నాడు హైదరాబాద్ నాంపల్లి ఎగ్జిబిషన్ మైదానంలో బత్తిని కుటుంబం ఇచ్చే చేప ప్రసాదం కోసం వేల మంది బారులు తీరుతారు. నోట్లో మందు పెట్టిన చిన్న కొర్రమీను పిల్లను బతికుండగానే మింగిస్తారు. ఉచితంగా, తరతరాలుగా ఇస్తున్న ఆ కుటుంబం మీద జనానికి గౌరవం ఉంది. ఉబ్బసాన్ని అది నయం చేస్తుందనడానికి శాస్త్రీయ నిరూపణ మాత్రం లేదు. మరి తగ్గిందని అంతమంది ఎలా చెబుతారు? టూసాన్ పిల్లలను గుర్తుచేసుకోండి. ఏ మందూ లేకుండానే వయసుతో తగ్గే పిల్లలు చాలామంది ఉంటారు. బాగా ఎక్కువైనప్పుడే మందుకు వెళతాం, ఎక్కువైనది ఎలాగూ కొంత తగ్గుతుంది. తగ్గినవాళ్లు పదిమందికీ చెబుతారు, తగ్గనివాళ్లు ఊరుకుంటారు. చేప మింగించినా, మింగించకపోయినా, దాన్ని నమ్ముకుని రోజూ పీల్చే మందు ఆపడంలోనే అసలు ముప్పు ఉంది.

ఫిన్లాండ్ చేసిన పని

తీవ్రతను ఒక దేశం మొత్తంగా తగ్గించవచ్చా? ఫిన్లాండ్ 1994 నుంచి 2004 వరకు జాతీయ ఉబ్బస కార్యక్రమం నడిపింది. అందులో కొత్త మందులేవీ లేవు. జబ్బును తొందరగా గుర్తించడం, మొదటి రోజు నుంచే వాపు తగ్గించే మందు ఇవ్వడం, రోగికీ కుటుంబానికీ ఏ మందు ఎప్పుడు వాడాలో నేర్పడం, చిన్న ఊళ్లలోని వైద్యులను, నర్సులను, మందుల షాపులవాళ్లను ఒకే మాట మీదికి తేవడం ఇందులో ముఖ్యం. ఆ పదేళ్లలో ఉబ్బస రోగుల సంఖ్య పెరిగింది. అయినా వాళ్లు ఆసుపత్రిలో గడిపిన రోజులు 54 శాతం తగ్గాయి. ఒక్కో రోగి మీద అయ్యే ఖర్చు కూడా తగ్గింది.

మన ఊళ్లలో ఇదే పని చేయడానికి కావాల్సినవి చాలావరకు మన దగ్గరే ఉన్నాయి. అవసరమైన ఇన్‌హేలర్లు దేశంలోనే తయారవుతున్నాయి, ముఖ్యమైనవి జాతీయ అత్యవసర మందుల జాబితాలోనూ ఉన్నాయి. ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో దగ్గు మందు, యాంటీబయోటిక్ దొరికినంత తేలికగా పీల్చే స్టెరాయిడ్, స్పేసర్ దొరకాలి. ఆటల పీరియడ్‌లో ఎప్పుడూ పక్కన కూర్చునే పిల్లను బద్ధకమనుకోకుండా కారణం అడిగే మాస్టారు కావాలి. నెలనెలా మిషన్ పెట్టించుకుని వెళ్లే తల్లితో ఇది ఉబ్బసమని పేరుపెట్టి చెప్పే వైద్యుడు కావాలి. ఆయన చెప్పకపోతే తల్లే అడగాలి: ఇది ఉబ్బసమా? అయితే ఆయాసం తగ్గడానికి సరే, మళ్లీ రాకుండా ఉండటానికి ఏం రాశారు?

ఎందరు పిల్లలకు ఉబ్బసం వస్తుందన్న లెక్కను పసితనపు పరిసరాలు, జన్యువులు, నగరాల గాలి అన్నీ కలిసి రాస్తున్నాయి. దాన్ని తగ్గించే దారులు శాస్త్రం ఇంకా వెతుకుతోంది. వచ్చిన ఉబ్బసం ఎంత బాధపెట్టాలన్న లెక్క అలా కాదు. దాన్ని ఎలా తగ్గించాలో యాభై ఏళ్లుగా తెలుసు. తెలిసిన ఆ పనిని పదిమందిలో తొమ్మిదిమందికి చేయకుండా వదిలేయడమే మన దేశపు ఉబ్బసంలో అన్నిటికంటే తీవ్రమైన లక్షణం.